చీకటిని కాచుకున్న కొండ

*సాయంత్రం మబ్బుల మీద సూర్యాస్తమయం, రాత్రికి చేతికందేటట్టు చుక్కలు. హవాయి దీవిలోని మౌనా కేయా శిఖరానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తున్నారు. మన ఆదిలాబాద్ మీద ఉన్న ఆకాశమే అక్కడా ఉంది. మరి మనకు కనపడనిది అక్కడ ఎలా కనపడుతోంది?*

సూర్యుడింకా బారెడు ఎత్తున ఉన్నాడు. మబ్బులు మాత్రం చాలా కింద, కొండ నడుము దగ్గర ఆగిపోయాయి. తెల్లగా, ఒత్తుగా, అంచు తెలియనంత దూరం పరుచుకున్నాయి. వాటి అడుగున ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం ఉంది, హీలో పట్నం ఉంది. ఆ పట్నంలో ఈ వేళప్పుడు బహుశా వాన పడుతూ ఉంటుంది. ఇక్కడ నేల ఎర్రటి బూడిద, నల్లటి రాళ్లు. చెట్టు లేదు, పిట్ట లేదు. గాలి చెంపల్ని కోసేస్తోంది.

అద్దెకు తెచ్చుకున్న లావుపాటి కోట్లలో ముడుచుకుని జనం పడమటి వైపు వరుసగా నిలబడ్డారు. జపనీస్, స్పానిష్, ఇంగ్లిష్ మాటలు గాలిలో సగం సగంగా వినిపిస్తున్నాయి. వాటి మధ్యలో ఉన్నట్టుండి మన మాట: "నాన్నా, మఫ్లరు చెవుల మీదుగా చుట్టుకో. ఫొటో తర్వాత తీద్దువుగాని."

వెనక నుంచి సన్నటి హోరు మొదలైంది. తెల్లటి గుమ్మటాల్లో ఒకటి మెల్లగా తిరుగుతోంది. దాని నెత్తిన నిలువుగా ఒక తలుపు తెరుచుకుంటోంది. లోపల రాత్రి ఉద్యోగం మొదలవుతోందన్నమాట. ఇటు సూర్యుడు మబ్బుల అంచును తాకగానే అడుగు భాగం నలిగి, పలకలు పలకలుగా విడిపోయి, చివరికి ఎర్రటి గీతగా మిగిలాడు. చప్పట్లు కొట్టినవాళ్లు కొందరు, దండం పెట్టినవాళ్లు కొందరు.

తెలిసినవాళ్లు మాత్రం అప్పటికే తూర్పు వైపు తిరిగారు. అటు మబ్బుల మీద ఓ నీలి త్రికోణం పొడుగ్గా సాగిపోయి ఉంది. అది కొండ నీడ. పైకి చూస్తే ఈ కొండ కొన మొనదేలి ఉండదు, గుట్టలు గుట్టలుగా ఉంటుంది. నీడ మాత్రం అచ్చంగా త్రికోణమే. ఆ నీడ వందల కిలోమీటర్లు పోతుంది. దూరాన రైలు పట్టాలు ఒకచోట కలిసినట్టు కనిపించడానికి కారణం ఏదో, దాని అంచులు కలిసినట్టు కనిపించడానికీ కారణం అదే. త్రికోణం వెనకాల తూర్పు దిక్కంతా అడుగున నీలం, పైన గులాబీ పట్టీ. ఆ నీలం మబ్బు కాదు, పొగమంచు కాదు. సాక్షాత్తూ భూమి నీడ, ఆకాశం మీద పడి పైకి లేస్తోంది. రోజూ సాయంత్రం మన ఊళ్లోనూ లేస్తుంది. మేడలూ దుమ్మూ అడ్డం వచ్చి మనం చూడం.

ఫొటోల్లోంచి ప్రయాణాల్లోకి

ఈ మధ్య ఏ సెలవులొచ్చినా ఫోన్ల నిండా మబ్బుల సముద్రాలే. పాడేరు పక్కన వంజంగి కొండ మీద తెల్లవారుజామున నిలబడటానికి చోటు దొరకడం లేదు. హార్స్‌లీ హిల్స్ నుంచి లద్దాఖ్ దాకా చుక్కల రాత్రుల కోసం బయల్దేరే కుర్రకారు పెరిగారు. దీనికి ఆస్ట్రో టూరిజం అని పేరు కూడా పెట్టేశారు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో హవాయి ప్రయాణం ఒక ముచ్చట. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ ముచ్చట తీర్చుకునేవాళ్లు చాలామంది. బీచ్‌లు, అగ్నిపర్వతం అయ్యాక జాబితాలో మూడోది ఈ కొండ.

ఒకే సాయంత్రంలో సముద్రపు ఒడ్డు నుంచి 4,205 మీటర్ల ఎత్తుకు కారులో చేరుకోగల చోట్లు ప్రపంచంలో బహు అరుదు. హీలో బీచ్‌లో కాళ్లు తడుపుకుని బయల్దేరితే రెండు గంటల్లో శిఖరం మీద ఉండొచ్చు. ఈ కొండ ఆకర్షణ అంతా అందులోనే ఉంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది.

నిజానికి మనకు కనిపించేది ఈ కొండలో సగం కూడా కాదు. మిగతాదంతా సముద్రంలో మునిగి ఉంది. సాగర గర్భంలోని మొదలు నుంచి కొలిస్తే మౌనా కేయా 10,000 మీటర్లు దాటుతుంది. ఆ లెక్కన ఎవరెస్టు కన్నా పొడుగు. ఇదొక అగ్నిపర్వతం. చివరిసారి లావా కక్కి సుమారు 4,500 ఏళ్లు అయింది. మంచుయుగంలో దీని తలమీద హిమానీనదం ఉండేది. ఇప్పటికీ చలికాలంలో మంచు పడుతుంది. కింద కొబ్బరిచెట్ల దీవిలో ఉంటూనే పైకొచ్చి మంచుముద్దలు విసురుకునే రోజులుంటాయి.

అర్ధగంట ఆగాల్సిన చోటు

దారి మధ్యలో, 2,800 మీటర్ల ఎత్తున, సందర్శకుల కేంద్రం వస్తుంది. దానికి ఎలిసన్ ఒనిజుకా పేరు పెట్టారు. ఈ దీవిలోనే పుట్టి, వ్యోమగామి అయి, 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయిన మనిషి. పైకి వెళ్లేవాళ్లు ఇక్కడ కనీసం అర్ధగంట ఆగాలంటారు. చాలామంది దీన్ని టీ కోసం, బాత్రూమ్ కోసం ఆగే చోటు అనుకుంటారు. శరీరానికి మాత్రం అది చాలా అవసరమైన అర్ధగంట.

శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతమే. ఒక్కో ఊపిరికీ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. హిమాలయాల్లో అయితే ఇంత ఎత్తుకు రోజుల తరబడి మెల్లగా ఎక్కుతారు. ఇక్కడ ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు. తల దిమ్మెక్కుతుంది, కణతలు కొట్టుకుంటాయి, పది అడుగులేస్తే ఆయాసం వస్తుంది. కొందరికి వాంతి అవుతుంది. మాట తడబడినా, నడక తూలినా, ఊపిరి అందకపోయినా వెంటనే కిందికి దిగిపోవాలి. ఆ ఇబ్బందికి దిగడమే మందు. "ఇంత దూరం వచ్చాం కదా, సూర్యాస్తమయం అయ్యేదాకా ఓర్చుకుందాం" అనే మాట ఈ కొండ మీద అనకూడదు.

కేంద్రం దాటాక దారిలో కొంత భాగం కంకర రోడ్డు, నిటారు ఎక్కుడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి ఉంటేనే పైకి పంపుతారు. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే భయం ఎక్కువ. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలిపోతాయి. అందుకే తక్కువ గేరులో, ఇంజను పట్టు మీద దిగమంటారు.

> పైకి వెళ్లేముందు
>
> ● 13 ఏళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు సందర్శకుల కేంద్రం దాటి పైకి వెళ్లకపోవడం మంచిదని అధికారుల సలహా.
>
> ● సముద్రంలో స్కూబా డైవింగ్ చేసినవాళ్లు 24 గంటలు గడిచేదాకా కొండెక్కకూడదు. రక్తంలో గాలి బుడగలు ఏర్పడి ప్రాణం మీదికి వస్తుంది.
>
> ● పెట్రోలు బంకు, హోటలు పైన ఉండవు. కింది నుంచే ట్యాంకు నింపుకుని, నీళ్లు, తినుబండారాలు పట్టుకెళ్లాలి.
>
> ● అద్దె కారు తీసుకుంటే ఆ కంపెనీ ఈ రోడ్డుకు ఒప్పుకుంటుందో లేదో కాగితం మీద చూసుకోవాలి. లేదంటే అనుమతి ఉన్న టూరు వ్యాన్లు ఉన్నాయి. కోటు, భోజనం వాళ్లే ఇస్తారు.
>
> ● సూర్యాస్తమయం అయిన అర్ధగంటకు శిఖరం మీంచి సందర్శకులందరూ దిగిపోవాలి.

కింద ఉండిపోయినవాళ్ల అదృష్టం

బండి మబ్బుల్లోకి దూరి, వానలో తడిసి, మళ్లీ ఎండలోకి రావడం ఈ ప్రయాణంలో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం. మామూలుగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. హవాయి మీద సుమారు 2,000 మీటర్ల దగ్గర ఒక వెచ్చటి గాలి పొర అడ్డుపడుతుంది. కింది తేమ, కింది మబ్బు దాన్ని దాటి పైకి రాలేవు. పైన మిగిలేది పొడిగాలి. చుట్టూ వేల కిలోమీటర్ల సముద్రం కాబట్టి గాలి కలతపడకుండా వీస్తుంది. అందుకే చుక్కలు తక్కువ మినుకుమంటాయి. టెలిస్కోపు పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఉత్తరార్ధగోళంలో దొరకడం కష్టం.

అయితే ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మామూలు కంటికి చుక్కలు బాగా కనపడేది శిఖరం మీద కాదు. దాని కింద, ఆ 2,800 మీటర్ల దగ్గరే. చీకట్లో చూడటానికి పనిచేసే కంటి లోపలి పొరకు ప్రాణవాయువు చాలా ఎక్కువ కావాలి. అది తగ్గిన కొద్దీ కంటికి మసక చుక్కలు ఆనవు. శిఖరం మీద ఆకాశం శుభ్రంగానే ఉంటుంది, చూసే కన్నే నీరసించి ఉంటుంది. కాబట్టి సూర్యాస్తమయం పైన, చుక్కలు కింద. టూరు వ్యాన్లవాళ్లు పాటించే పద్ధతీ ఇదే. శిఖరం దిగాక దారిలో ఓ చోట ఆగి టెలిస్కోపు నిలబెడతారు.

బీపీ ఉందనో, మోకాళ్లు నొప్పులనో, ఒళ్లో చంటిపిల్ల ఉందనో పెద్దవాళ్లను కేంద్రం దగ్గరే కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకి వెళ్తుంటారు. "అత్తయ్యా, మీరు పైకి రాలేకపోయారు" అని కోడలు నొచ్చుకుంటుంది. ఆవిడ శాలువా కప్పుకుని చాలాసేపటి నుంచీ చీకట్లోనే కూర్చుని ఉంది. కళ్లు చీకటికి బాగా అలవాటు పడ్డాయి. పాలపుంతలోని నల్లటి చారలు కూడా ఆవిడకు కనపడుతున్నాయి. అప్పుడే హెడ్‌లైట్ల వెలుగులోంచి దిగినవాళ్లకు అవి కనపడటానికి మరో ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఎవరైనా ఫోన్ తెరిచారా, లెక్క మళ్లీ మొదటికి. అక్కడ తిరిగేవాళ్లు ఎర్ర టార్చి వాడేది అందుకే. ఎర్రటి వెలుగు చీకటి చూపును అంతగా చెడగొట్టదు.

సూర్యుడు అస్తమించిన గంటం పావుకు గానీ పూర్తి చీకటి పడదు. వెన్నెల రాత్రుల్లో కొండ అందంగానే ఉంటుంది కానీ పాలపుంత కనపడదు. చుక్కల కోసమే పోయేవాళ్లు అమావాస్యకు అటూ ఇటూ రోజులు చూసుకోవాలి. విమానం టికెట్టు కొనేముందు మన గోడమీది పంచాంగం క్యాలెండరు చూసుకున్నా సరిపోతుంది.

ఆదిలాబాద్ నెత్తిన ఉన్న ఆకాశమే

మౌనా కేయా ఉన్నది ఉత్తర అక్షాంశం 19.8 డిగ్రీల దగ్గర. ఆదిలాబాద్ 19.7 డిగ్రీల దగ్గర. రెండు చోట్ల మధ్య పదిహేనున్నర గంటల కాలం తేడా ఉంది కానీ ఆకాశంలో తేడా లేదనే చెప్పాలి. ధ్రువ నక్షత్రం రెండు చోట్లా ఒకే ఎత్తున నిలుస్తుంది. వేసవిలో దక్షిణాన సదరన్ క్రాస్ రెండు చోట్లా లేస్తుంది. స్వాతి నక్షత్రం రెండు చోట్లా దాదాపు నడినెత్తి మీంచి పోతుంది. హవాయి నావికులకు ఈ స్వాతి ఇంటి దారి చూపే చుక్క. సముద్రం మీద ఎక్కడున్నా అది సరిగ్గా నెత్తి మీదికి వచ్చిందంటే తమ దీవుల వరసకు చేరినట్టే. వాళ్లు దాన్ని హోకూలేయా అంటారు. ఆ పేరు పెట్టిన జంట పడవ 1976లో ఏ పరికరమూ లేకుండా, చుక్కలూ అలలూ పక్షులూ చూసుకుంటూ హవాయి నుంచి తాహితి చేరింది. దారి చూపింది మైక్రోనేషియాకు చెందిన నావికుడు మావ్ పియైలుగ్. ఆ విద్య అప్పటికి హవాయిలో దాదాపు అంతరించిపోయింది. దాన్ని మళ్లీ నేర్పినవాడు ఆయన.

కృత్తికల సంగతి మరీ దగ్గరిది. కార్తీక పౌర్ణమి నాడు నిండు చంద్రుడు కృత్తికల చేరువలో ఉంటాడు. అంటే ఆ రోజుల్లో సూర్యుడు అటు దిగుతుంటే కృత్తికలు ఇటు తూర్పున లేస్తాయి. హవాయివాళ్లు సరిగ్గా ఈ లేవడాన్నే కనిపెట్టుకుని ఉంటారు. సాయంత్రం పూట కృత్తికలు తూర్పున పొడిచాక వచ్చే కొత్త చంద్రుడితో వాళ్ల మకాహికి మొదలవుతుంది. నాలుగు నెలల పండగ కాలం అది. పంటల దేవుడు లోనోకు కానుకలు, ఆటలు, విందులు. యుద్ధాలు నిషిద్ధం. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు జాతులు, భూగోళానికి చెరోవైపు, ఒకే ఏడాది మలుపులో ఒకే చుక్కల గుంపు కోసం తూర్పుకేసి చూశాయి. ఆ కొండ దగ్గర చీకట్లో కూర్చున్న తెలుగువాడికి ఇది తెలిసి ఉంటే ఆ రాత్రి రుచే వేరు.

మన వృశ్చికం వాళ్లకు మావి అనే వీరుడి గాలం. సముద్రం అడుగు నుంచి దీవుల్ని పైకి లాగిన గాలం అట. జ్యేష్ఠ నుంచి మూల దాకా ఆ వంపు చూస్తే తేలుకొండీ కనిపిస్తుంది, గాలమూ కనిపిస్తుంది.

సునామీ తెచ్చిన టెలిస్కోపులు

ఈ కొండ మీదికి శాస్త్రవేత్తలు రావడం వెనక ఒక ఊరి దుఃఖం ఉంది. 1960 మే నెలలో చిలీలో వచ్చిన మహా భూకంపం పసిఫిక్ అంతటా సునామీ లేపింది. హీలోలో 61 మంది చనిపోయారు. పట్నం నడిబొడ్డు తుడిచిపెట్టుకుపోయింది. మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏదో ఒక ఆధారం కావాలి. స్థానిక వర్తక సంఘానికి చెందిన మిట్సువో అకియామా అమెరికా, జపాన్ విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాశాడు. మా కొండ మీద ఆకాశం బాగుంటుంది, వచ్చి చూడండి అన్నది సారాంశం. స్పందించింది గ్రహశాస్త్రవేత్త గెరార్డ్ కైపర్. 1964లో కొండ మీదికి బుల్డోజరుతో దారి వేశారు. చిన్న టెలిస్కోపుతో పరీక్షించి చూసిన కైపర్‌కు ఇంతటి చోటు మరొకటి లేదని నమ్మకం కుదిరింది.

1968లో రాష్ట్ర ప్రభుత్వం శిఖర ప్రాంతాన్ని 65 ఏళ్ల లీజు మీద హవాయి విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 1970లో 2.2 మీటర్ల టెలిస్కోపు పని మొదలుపెట్టింది. ఆ తర్వాత ఫ్రాన్స్, కెనడా, బ్రిటన్, జపాన్ ఒకరి వెంట ఒకరు వచ్చి, శిఖరం మీద పదమూడు కేంద్రాలు తయారయ్యాయి.

వీటిలో చూసినవి తక్కువవి కావు. 1992లో ఖగోళవేత్తలు డేవిడ్ జూయిట్, జేన్ లూ ఆ 2.2 మీటర్ల టెలిస్కోపుతోనే, ప్లూటో తర్వాత, నెప్ట్యూన్ అవతల ఉన్న కైపర్ వలయంలోని తొలి వస్తువును పట్టుకున్నారు. ఆండ్రియా గెజ్ బృందం కెక్ టెలిస్కోపుతో పాలపుంత నడిబొడ్డున తిరిగే చుక్కల్ని ఏళ్ల తరబడి గమనించింది. ఒక చుక్క పదహారేళ్లకోసారి కంటికి కనపడని దేని చుట్టూనో చుట్టి వస్తోంది. అక్కడున్నది సుమారు నలభై లక్షల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం అని తేలింది. 2020లో ఆమెకు నోబెల్ వచ్చింది. 2019లో లోకమంతా చూసిన తొలి కృష్ణబిలం చిత్రానికి సాయపడ్డ కేంద్రాల్లో రెండు ఈ కొండవే.

> శిఖరం మీద
>
> ● కెక్ 1, 2: ఒక్కొక్కటి 10 మీటర్ల అద్దం, 36 షట్కోణపు ముక్కల అమరిక. 1990లలో పని మొదలైంది.
>
> ● సుబారు: జపాన్‌ది, 8.2 మీటర్లు. జపనీయులు కృత్తికలను పిలిచే పేరు.
>
> ● జెమినీ నార్త్: 8.1 మీటర్లు. దీని జంట చిలీలో ఉంది.
>
> ● వెకియు పురుగు: ప్రపంచంలో ఈ శిఖరం మీద తప్ప ఎక్కడా లేదు. గాలికి పైకి కొట్టుకొచ్చి చలికి చచ్చే పురుగులే దీని తిండి. దీని ఒంట్లో నెత్తురు గడ్డకట్టకుండా కాపాడే పదార్థం ఉంటుంది.
>
> ● వైయావు సరస్సు: సుమారు 3,970 మీటర్ల ఎత్తున చిన్న మంచినీటి కొలను.

కొండ ఎవరిది?

ఈ ప్రశ్న లేకుండా మౌనా కేయా గురించి రాస్తే సగం దాచినట్టే. హవాయి ఆదివాసులకు ఇది టెలిస్కోపుల చోటు కాదు. మంచు దేవత పోలియాహు నివాసం. పూర్వం శిఖరం దాకా రావడానికి అందరికీ అర్హత ఉండేది కాదు. పుట్టిన బిడ్డ బొడ్డుతాడును తెచ్చి వైయావు సరస్సు దగ్గర ఉంచే ఆచారం కొన్ని కుటుంబాల్లో ఉంది. పుట్టువెంట్రుకలు తిరుమల కొండ మీద సమర్పించే మనకు ఆ కుటుంబాల మనసు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏడుకొండల్లో ఒకదాని కొనను చదును చేసి ప్రయోగశాల కడతామంటే, అది ఎంత గొప్ప ప్రయోగశాల అయినా, ముందు మనల్ని అడగాలనే అంటాం.

అక్కడ అడగలేదు. 1893లో హవాయి రాణిని గద్దె దించాక రాజ్యపు భూములు ప్రభుత్వ భూములయ్యాయి. ఆ భూముల్లోదే ఈ కొండ. ఒక టెలిస్కోపు, రెండు, పది. ప్రతిసారీ అభ్యంతరాలు రావడం, పక్కకు పోవడం జరిగింది. చివరికి థర్టీ మీటర్ టెలిస్కోపు దగ్గర అగ్గి రాజుకుంది. 492 అద్దం ముక్కలతో 30 మీటర్ల వెడల్పు. మన దేశానికీ ఇందులో వాటా ఉంది. 2014లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. అద్దం ముక్కలను నునుపు చేసే పని కర్ణాటకలోని హోస్కోటెలో పెట్టుకున్నారు.

2015లో నిర్మాణ వాహనాలకు జనం అడ్డం నిలబడ్డారు. ఆ డిసెంబరులో హవాయి సుప్రీంకోర్టు అనుమతిని కొట్టేసింది. మళ్లీ విచారణ, మళ్లీ అనుమతి, 2018లో కోర్టు సమ్మతి. 2019 జూలైలో పని మొదలుపెట్టబోతే కొండ మొదట్లో, రోడ్డుకు అడ్డంగా పెద్దవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. డెబ్బై, ఎనభై ఏళ్ల తాతలు, అమ్మమ్మలు. ఒళ్లో దుప్పట్లు, మెడలో ఆకుల దండలు. పిల్లల్ని పక్కకు జరగమని, ముందు మమ్మల్నే పట్టుకెళ్లండని వాళ్లు పోలీసులకు చెప్పారు. జూలై 17న 38 మందిని అరెస్టు చేశారు. నడవలేనివాళ్లను ఎత్తుకుని, చక్రాల కుర్చీల్లో వ్యాన్ల దాకా తీసుకెళ్లారు. పోలీసుల్లోనూ హవాయివాళ్లున్నారు. కొందరు కన్నీళ్లు పెట్టుకుంటూనే ఆ పని చేశారు. ఆ దృశ్యాల తర్వాత జనం వేలల్లో వచ్చారు. లావా రాళ్ల మీద వంటశాల, వైద్య శిబిరం, పాఠాలు చెప్పే బడి వెలిశాయి. ఆ నిరసన నెలల తరబడి సాగింది. పై కేంద్రాల్లో కొన్ని వారాలపాటు పరిశీలనలు ఆగిపోయాయి.

హవాయివాళ్లంతా టెలిస్కోపుకు వ్యతిరేకం అనుకోకూడదు. ఉద్యోగాలు కావాలన్నవాళ్లున్నారు. చుక్కల్ని నమ్మి సముద్రం దాటిన జాతికి ఖగోళశాస్త్రం పరాయిది కాదన్నవాళ్లూ ఉన్నారు. తొలి చిత్రంలోని కృష్ణబిలానికి పోవేహి అని హవాయి పేరు సూచించింది అక్కడి భాషాచార్యుడు లారీ కిమురా. నాకు మాత్రం ఒకటి స్పష్టంగా అనిపిస్తుంది. ఆ పెద్దవాళ్ల కోపం శాస్త్రం మీద కాదు, తమను లెక్కచేయకపోవడం మీద. విశ్వం పుట్టుక తెలుసుకోవాలనే కోరిక ఎంత గొప్పదైనా, కొండకు మొదటి నుంచీ మొక్కుతున్నవాళ్ల మాట పక్కకు నెట్టి ముందుకు పోయే హక్కు దానికి లేదు.

2022లో చట్టం మారింది. కొండ బాధ్యతకు 11 మందితో కొత్త సంస్థ ఏర్పడింది. అందులో ఆదివాసులకు, వాళ్ల ఆచారాలు తెలిసినవాళ్లకు చోటు దక్కింది. 2028 నాటికి విశ్వవిద్యాలయం నుంచి అధికారం పూర్తిగా దీనికి వస్తుంది. పాత లీజు 2033లో ముగుస్తుంది. 2024లో రెండు పాత టెలిస్కోపులను విప్పేసి ఆ నేలను మళ్లీ మునుపటిలా సర్దారు. సందర్శకులకూ ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు: రాళ్లు పేర్చకండి, ఎర్రబూడిద జేబులో వేసుకోకండి, రోడ్డు దాటి ఆ చివరి గుట్ట ఎక్కకండి. గుట్ట ఎక్కకపోయినా సూర్యాస్తమయం ఏమీ తగ్గదు.

వీధి దీపాల లెక్క

కొండ ఎత్తు, గాలి ప్రకృతి ఇచ్చినవి. చీకటి మాత్రం మనుషులు కాపాడుకున్నది. హవాయి కౌంటీ 1980ల చివర్లోనే దీపాల మీద చట్టం చేసింది. వీధి దీపాల మీద మూత ఉండాలి, వెలుగు నేల మీదే పడాలి, రంగు పసుపు ఛాయలో ఉండాలి. తెల్లటి, నీలం కలిసిన వెలుగు గాలిలో ఎక్కువ చెదిరి ఆకాశాన్ని కమ్మేస్తుంది. హీలోలో రాత్రిపూట నడిస్తే రోడ్లు పసుపుపచ్చగా, కాస్త మసగ్గా ఉంటాయి. ఊరివాళ్లు దానికి అలవాటు పడ్డారు.

మనకు ఈ విషయంలో పాత గాయం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ పెట్టాడు. తర్వాత బేగంపేటకు మారి ఉస్మానియా చేతికి వచ్చింది. వేణు బప్పు తండ్రి అక్కడే పనిచేశారు. ఆ ఆవరణలో పెరిగిన కుర్రవాడే భారత ఖగోళశాస్త్రానికి పెద్ద దిక్కయ్యాడు. నగరం పెరిగి ఆకాశం వెలిసిపోయేసరికి 48 అంగుళాల టెలిస్కోపును 1968లో ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశం కళ్లన్నీ ఆ ఊరి మీదే. తర్వాత హైదరాబాద్ వెలుగులు అటు కూడా పాకాయి. ఇప్పుడు ఊరూరా తెల్లటి ఎల్ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా మంచిదే. మూత లేకుండా ఆకాశంలోకి కొట్టే దీపం ఆదా ఎలా అవుతుంది?

చట్టాలతో, ఊరివాళ్లతో చీకటిని కాపాడుకోవచ్చని మన దేశంలోనే రుజువైంది. లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర సుమారు 4,500 మీటర్ల ఎత్తున భారత ఖగోళ పరిశోధనశాల ఉంది. చుట్టుపక్కల ఊళ్లను కలిపి 2022 డిసెంబరులో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. కిటికీలకు దళసరి పరదాలు, దీపాలకు మూతలు, రాత్రి బండ్ల హెడ్‌లైట్లకు అదుపు. ఇవన్నీ ఊరివాళ్లు ఒప్పుకుని చేస్తున్నవి. గ్రామస్థుల్లో కొందరికి టెలిస్కోపులిచ్చి శిక్షణ ఇచ్చారు, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. పగలు పశువులు, పొలం. రాత్రి వచ్చినవాళ్లకు శనిగ్రహపు వలయాలు చూపిస్తారు, తమ ఇంట్లో బస ఇస్తారు, దాని మీద నాలుగు డబ్బులు సంపాదిస్తారు. కొండ మీది శాస్త్రానికీ కొండ కింది ఊరికీ మొదటి నుంచే పొత్తు కుదిర్చితే ఎలా ఉంటుందో చూడాలనుకున్నవాళ్లు హాన్లే వెళ్లాలి.

హవాయికి వీసా, విమానం, లక్షల ఖర్చు కావాలి. హాన్లేకి లేహ్ నుంచి ఒక రోజు రోడ్డు ప్రయాణం. అక్కడా ఎత్తు 4,000 మీటర్ల పైనే కాబట్టి లేహ్‌లో రెండు మూడు రోజులు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాలి. అమావాస్య దగ్గరి రాత్రి చూసుకుని, ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని, ఊళ్లోకి అడుగుపెట్టేముందే బండి లైట్లు తగ్గించుకుని వెళ్లాలి.